పాస్ తప్పేది చేతుల్లోనా, కాళ్లలోనా?

మండల స్థాయి స్కూల్ గేమ్స్‌లో వాలీబాల్ మ్యాచ్ మూడో సెట్ చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి సెట్‌లో లిఫ్టర్ (స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చే ఆటగాడు) నెత్తి మీదికి చక్కగా వెళ్లిన పాస్‌లు ఇప్పుడు నేరుగా నెట్ దాటి అవతలి వాళ్ల చేతుల్లో పడుతుంటాయి. లేదంటే గ్రౌండ్ పక్కనున్న వేపచెట్టు వైపు ఎగిరిపోతుంటాయి. ఆడుతున్నది అదే పిల్లలు. వస్తున్నవీ అవే సర్వీసులు. అవతలి జట్టు కూడా అలసిపోయింది కాబట్టి అవి కాస్త మెత్తబడి కూడా ఉంటాయి. లైన్ బయట నిలబడ్డ పీఈటీ సార్ మాత్రం "చేతులు, చేతులు చూసుకోరా" అని అరుస్తుంటారు. నిజానికి ఆ పిల్లాడి చేతులు మొదటి సెట్‌లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ దాదాపు అలాగే ఉన్నాయి. అప్పుడు మోకాళ్లు వంచి బంతి కిందికి వెళ్లినవాడు ఇప్పుడు కాళ్లు నిటారుగా ఉంచి నడుము ఒక్కటే వంచుతున్నాడు.

బడిలో వాలీబాల్ జట్టుకి స్ట్రెంగ్త్ ట్రైనింగ్ పెట్టాలనుకోగానే ముందు గుర్తొచ్చేవి దండీలు, డంబెల్స్. పాస్ చేతులతో ఇస్తారు కాబట్టి బలం చేతులకే కావాలన్నది లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, పాస్‌ను విడదీసి చూస్తే ఈ లెక్క నిలవదు. ముంజేతులు కలిపి కింద నుంచి ఇచ్చే అండర్‌హ్యాండ్ పాస్‌లో చేతులు చేసే పని చిన్నది, కాళ్లూ నడుమూ చేసే పని పెద్దది. ఒక ప్రభుత్వ హైస్కూల్ బలం కోసం వారానికి నలభై నిమిషాలు ఇవ్వగలిగితే అదే గొప్ప. ఆ నలభై నిమిషాలు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది ఈ తేడాను బట్టే తేలుతుంది.

ఒక్క సెకను లెక్క

కోర్టు పొడవు 18 మీటర్లు, అందులో సగం 9. ఎండ్ లైన్ దగ్గర కొట్టిన సర్వీసు నెట్ దాటి, ఇంకో ఆరు మీటర్లు లోపలున్న పిల్లాడిని చేరాలంటే దాదాపు 15 మీటర్లు రావాలి. హైస్కూల్ పిల్లల సర్వీసు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుందాం. అంటే సెకనుకు 14 మీటర్లు. పిల్లాడికి దొరికే సమయం సెకను కంటే కాస్త ఎక్కువ, అంతే. అందులో బంతి ఎటు వస్తోందో కళ్లు పసిగట్టి, కాళ్లకు కబురు చేరేసరికే పావు సెకను దాకా పోతుంది. మిగిలిన సమయంలో ఒకటి రెండు అడుగులు వేయాలి, ఆగాలి, మోకాళ్లు వంచాలి, ముంజేతులు కలిపి లిఫ్టర్ వైపు వాలు పెట్టాలి. చేతులు కలపడానికి రెప్పపాటు చాలు. అడుగు వేసి, కదులుతున్న ఒంటిని ఆపి, కిందికి దిగడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఆ పనులన్నీ కాళ్లవి.

ఇక బంతి తగిలే క్షణం. వాలీబాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు. ముంజేతుల మీద అది ఆగేది సెకనులో వందో వంతో, యాభయ్యో వంతో. సెకనుకు 14 మీటర్ల వేగంతో వచ్చిన బంతి లిఫ్టర్ నెత్తి మీదికి లేవాలంటే సెకనుకు 8 లేదా 9 మీటర్ల వేగంతో తిరిగి వెళ్లాలి. వచ్చినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ తిరిగిస్తే సరిపోతుంది. చేతులు కదలకుండా గట్టిగా ఉంటే బంతిలోని గాలే ఆ పని చాలావరకు చేసేస్తుంది. ఉజ్జాయింపుగా లెక్కేస్తే, ఆ యాభయ్యో వంతు సెకనులో ముంజేతుల మీద పడే తోపు సుమారు 30 కిలోల బరువు ఆనించినంత. ఎనిమిదో తరగతి పిల్లాడి చేతులు అంత తోపుకి చెదరకుండా నిలవాలి. ఎదురు కొట్టాల్సిన అవసరం లేదు.

పిల్లలు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. మోకాళ్లు వంగనప్పుడు బంతిని పైకి లేపడానికి మిగిలేది భుజాల ఊపే. చేతులు విసిరితే, వేగంగా వచ్చిన బంతికి ఆ ఊపు కూడా తోడై నెట్ దాటిపోతుంది. వాలు లెక్క ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. చేతుల వాలు 5 డిగ్రీలు మారితే, అద్దం మీద పడ్డ వెలుగులాగే, బంతి దిశ సుమారు 10 డిగ్రీలు మారుతుంది. ఆరు మీటర్ల దూరంలో అది మీటరు తేడా. లిఫ్టర్ చేతికి అందే పాస్‌కీ, పరుగెత్తి బతికించుకోవాల్సిన పాస్‌కీ మధ్య ఉండే దూరం కూడా ఇంచుమించు అంతే. చేతుల వాలు భుజాల మీద ఆధారపడి ఉంటుంది, భుజాలు మొండెం మీద, మొండెం తుంటి మీద. ఊగే నిచ్చెన ఎక్కి గోడకు మేకు కొట్టినట్టు, కింద కాళ్లు నిలకడగా లేకపోతే పైన చేతులు ఎంత శ్రద్ధగా పెట్టినా లాభం ఉండదు.

మెల్లగా వచ్చే బంతి సంగతి వేరు. అవతలి జట్టు ఏం చేయలేక ఊరికే దాటించిన బంతిలో తిరిగివ్వడానికి వేగమే ఉండదు. దాన్ని లేపడానికి శక్తి మనమే పెట్టాలి. ఆ శక్తి మోకాళ్లు, తుంటి సాగడం నుంచి రావాలి. సులువైన బంతిని పాడుచేశాడని పిల్లాడిని తిట్టే ముందు వాడి మోకాళ్లు కదిలాయో లేదో చూడాలి.

గోడకుర్చీకి గౌరవం

ఒక సెట్ 25-20తో ముగిసిందనుకుంటే, ఓడిన జట్టు అందుకున్న సర్వీసులు పాతిక దాకా ఉంటాయి, గెలిచిన జట్టువి ఇరవై దాకా. బంతి ఒక్కరి దగ్గరికే వస్తుంది. కానీ సర్వీసు అందుకోవడానికి నిలబడ్డ ముగ్గురు నలుగురూ ప్రతిసారీ వంగి సిద్ధంగా ఉండాల్సిందే. ఒక్కోసారి మూడు నాలుగు సెకన్లు. మూడు సెట్లకు అరవై డెబ్బైసార్లు. ర్యాలీ మధ్యలో స్మాష్‌లు ఎత్తడానికి దిగినవి దీనికి అదనం. స్కూల్ టోర్నమెంట్లలో ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు పడటం మామూలే. సాయంత్రం సెమీఫైనల్ ఆడే పిల్లాడి తొడలు అప్పటికే వందల సార్లు వంగి లేచి ఉంటాయి. మూడో సెట్ పాస్‌లు వేపచెట్టు మీదికి పోవడం వెనక ఉన్న కథ చాలావరకు ఇదే.

మన బళ్లలో పాతకాలం నుంచి ఉన్న రెండు శిక్షలు, గుంజీలు, గోడకుర్చీ, సరిగ్గా ఈ కండరాలకే పని చెబుతాయి. వీపు గోడకు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఉండటం అంటే పాస్ భంగిమలో సగం. తొడ ముందు కండరాలు కదలకుండా బరువు మోయడం అక్కడ అలవాటవుతుంది. శారీరక దండనను 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది, అది మంచిదే. చిక్కేమిటంటే, వ్యాయామంగా గోడకుర్చీ వేయమన్నా పిల్లల మొహాలు శిక్ష పడ్డట్టే మాడతాయి. దీనికి ఒక చిన్న ఉపాయం సరిపోతుంది. గోడకుర్చీలో ఉన్నవాడి చేతికి బంతి ఇచ్చి, ఎదురు గోడకు అలాగే కూర్చున్న ఇంకొకడితో ఆ బంతి విసురుకోమనాలి. అదే కుర్చీ ఆటయిపోతుంది. ఇరవై సెకన్లకే మూలిగేవాడు నలభై సెకన్లు కూర్చుంటాడు.

గోడకుర్చీ ఒక్కటే చాలదు. పాస్‌లో కాళ్లు పక్కకు కదలాలి, ఆగాలి. కదిలే ఒంటిని ఆపడం కదిలించడం కంటే కష్టం. పరుగు మీద ఎంత వేగమున్నా, ఆగలేని పిల్లాడు బంతి తగిలే క్షణంలో ఇంకా పక్కకు జారుతూనే ఉంటాడు, పాస్ కూడా వాడితో పాటు పక్కకు జారుతుంది. అందుకే పక్కకు పెద్ద అడుగు వేసి ఆ కాలి మీద దిగి రెండు సెకన్లు బిగబట్టడం, మళ్లీ ఇటువైపు. దీన్ని పక్క లంజ్ అంటారు. పేరు తెలియకపోయినా, కబడ్డీ కూతకు వెళ్లి బోనస్ లైన్ కోసం కాలు చాచినవాడికి ఈ భంగిమ కొత్తేమీ కాదు. కబడ్డీ బాగా ఆడే పిల్లలు వాలీబాల్‌కి వస్తే అండర్‌హ్యాండ్ తొందరగా పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్ మొదటిసారి చేరినప్పుడు మహిళల స్వర్ణం గెలిచింది జపాన్. కోచ్ హిరోబుమి దైమత్సు. జట్టులో ఎక్కువమంది ఒకే బట్టల మిల్లు క్లబ్బు అమ్మాయిలు. పక్కకు దూకి, బంతి ఎత్తి, భుజం మీదుగా దొర్లి మళ్లీ లేచి నిలబడే పద్ధతితో వాళ్లు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. కింద పడటం కంటే, పడ్డాక తరువాతి బంతికి సిద్ధంగా లేవడంలోనే అసలు బలం ఉంది. మన బడి గ్రౌండ్ల మీద ఈ దొర్లుడు కుదరదు. ఎర్రమట్టి, గులకరాళ్లు, మోకాళ్లకు ప్యాడ్లు లేవు. దొర్లే వీలు లేనిచోట ఆ దూరాన్ని అడుగులతోనే అందుకోవాలి. అంటే ఇండోర్ కోర్టులో ఆడే పిల్లల కంటే మట్టి గ్రౌండ్ పిల్లలకు కాళ్ల బలం ఇంకాస్త ఎక్కువ కావాలి. విచిత్రంగా, జిమ్ ఉన్నది మాత్రం మొదటి వాళ్లకే.

పరీక్ష దేన్ని కొలుస్తోంది?

స్ట్రెంగ్త్ ట్రైనింగ్‌తో పాస్ మెరుగైందని చెప్పే పరిశోధనలు వ్యాయామ విద్య విభాగాల్లో చాలానే వస్తుంటాయి. వాటి అచ్చు దాదాపు ఒకటే. బడి పిల్లల్ని రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి కొన్ని వారాలు బలం వ్యాయామాలు ఇస్తారు, ఇంకో గుంపుని మామూలుగా వదిలేస్తారు. ముందు, తర్వాత పరీక్ష పెట్టి పోలుస్తారు. వ్యాయామం చేసిన గుంపు మెరుగైందని తేలుతుంది. తేలకపోతే ఆశ్చర్యపోవాలి.

ఆ పరీక్ష ఏమిటన్నది అడగాల్సిన ప్రశ్న. ఎక్కువగా వాడేవి గోడ పరీక్షలు. 1940 నాటి రస్సెల్-లాంజ్ పరీక్షలో గోడ మీద నేల నుంచి ఏడున్నర అడుగుల ఎత్తులో గీత ఉంటుంది, గోడకు మూడు అడుగుల దూరంలో నిలబడి 30 సెకన్లలో ఎన్నిసార్లు గీత పైన బంతి కొట్టగలరో లెక్కిస్తారు. హైస్కూల్ వయసు అమ్మాయిల కోసం తయారైంది అది. 1945 నాటి బ్రేడీ పరీక్షలో గీత పదకొండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, సమయం ఒక నిమిషం. కాలేజీ అబ్బాయిల కోసం తయారైన ఆ పరీక్షను ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టినవాళ్లూ ఉన్నారు.

ఈ పరీక్షలు చెడ్డవేమీ కావు. గోడా, సుద్దముక్కా, వాచీ ఉంటే చాలు, ఏ ఊళ్లోనైనా పెట్టొచ్చు. కానీ నిమిషం పాటు తల మీద చేతులు ఎత్తి గోడకు బంతి కొడుతూ ఉంటే ముందు అలిసిపోయేవి భుజాలు, మోచేతి వెనక కండరాలు. ఆరు వారాలు దండీలు తీసినవాడు ఆ నిమిషంలో నాలుగు బంతులు ఎక్కువ కొడతాడు. అది నిజమైన మెరుగుదలే, తల మీద నుంచి వేళ్లతో ఇచ్చే ఓవర్‌హెడ్ పాస్‌కు పనికొచ్చేదే. అయితే గోడ సర్వీసు చేయదు. బంతి ఎటు వస్తుందో ముందే తెలుసు, అడుగు వేయక్కర్లేదు, ఆగక్కర్లేదు, లిఫ్టర్ ఎక్కడున్నాడో చూడక్కర్లేదు. గోడ పరీక్షలో పెరిగిన మార్కుని చూపించి మ్యాచ్‌లో పాస్ మెరుగైందనడం, బట్టీ పరీక్షలో వచ్చిన మార్కుల్ని చూపించి పిల్లాడికి ఇంగ్లిష్ వచ్చేసిందన్నట్టే.

ఇంకో లొసుగు కూడా ఉంది. ఊరికే వదిలేసిన గుంపుతో పోల్చితే ఏ శిక్షణ అయినా గెలుస్తుంది. అదే సమయం రెండో గుంపు బంతితో పాస్ సాధన చేసి ఉంటే ఫలితం ఎలా ఉండేదన్నది అసలు పోలిక. పాస్ ప్రధానంగా కన్నూ అడుగూ కలిసే నైపుణ్యం. సర్వీసు చేసేవాడి భుజం చూసి బంతి దిశ పసిగట్టడం ఏ బస్కీల వల్లా రాదు. వేల బంతులు అందుకున్నాకే వస్తుంది. బలం వల్ల దక్కేది రెండు విషయాలు: సాధనలో ఇంకో యాభై బంతులు సరైన భంగిమలో అందుకునే ఓపిక, మూడో సెట్‌లో కూడా ఆ భంగిమ చెదరకపోవడం. బంతి సాధన సమయాన్ని తగ్గించి పెట్టే స్ట్రెంగ్త్ ట్రైనింగ్ లాభం కంటే నష్టమే చేయొచ్చు.

పొడవు పెరగరన్న భయం

అమ్మానాన్నలకు చెబితే మొదట వచ్చే మాట ఇది. బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారట. సరైన పర్యవేక్షణలో చేసే బలం వ్యాయామం ఎదుగుదలను ఆపుతుందనడానికి ఆధారం లేదు. వెయిట్‌లిఫ్టర్లు పొట్టిగా కనిపించడానికి కారణం, పొట్టి కాళ్లూ చేతులూ ఉన్నవాళ్లకు ఆ ఆట కలిసిరావడం. వాలీబాల్ ఆడితే పొడవు పెరుగుతారన్న నమ్మకానిదీ ఇదే సంగతి. పొడవున్న పిల్లల్నే ఏరి ఆ ఆటలోకి తెస్తారు. సిడ్నీ 2000 ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి కూడా బరువులు పట్టింది బడి వయసులోనే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ గంట సేపు ఒళ్లు కదలాలని, వారంలో కనీసం మూడు రోజులు కండరాలూ ఎముకలూ గట్టిపడే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రమాదం ఉన్నదల్లా రెండుచోట్ల: పెద్దవాళ్లు దగ్గర లేకుండా పిల్లలు పందెం వేసుకుని ఎత్తగలిగినంత బరువు ఎత్తడం, భంగిమ చెడినా లెక్క పూర్తిచేయడం. స్మాష్ కొట్టి నేల మీద దిగినప్పుడు మోకాళ్ల మీద పడే భారం పిల్లాడి బరువుకి కొన్ని రెట్లు ఉంటుంది. దాన్ని రోజుకు వందసార్లు భయం లేకుండా చేయించి, ఒంటి బరువుతో తీసే పది బస్కీలకు భయపడటం విడ్డూరం.

ఈడు రాకముందు పిల్లల్లో బలం పెరుగుతుంది గానీ కండ పెద్దగా పెరగదు. ఉన్న కండనే నరాలు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేడా తెలుస్తుంది. కండ కనపడలేదని ఏడో తరగతి పిల్లాడు నిరాశపడితే ఈ మాట చెప్పాలి. అమ్మాయిల్లో దాదాపు 12 ఏళ్లకు, అబ్బాయిల్లో 14 ఏళ్లకు ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు ఎముకలు ముందు సాగి, కండరాలు వెనకబడతాయి. నిరుడు చక్కగా పాస్ ఇచ్చినవాడు ఈ ఏడాది తడబడతాడు. వాడి చేతులు వాడికే కొత్తగా పొడవయ్యాయి మరి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి అనడం కూడా ఈ వయసులోనే మొదలవుతుంది. అలాంటప్పుడు గెంతులు, లోతు బస్కీలు తగ్గించి నడుము, తుంటి వ్యాయామాల వైపు మళ్లించాలి. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. "ఓర్చుకో, అదే పోతుంది" అనే పీఈటీ చేతిలో మంచి ఆటగాడు ఒక ఏడాది పోగొట్టుకుంటాడు.

నలభై నిమిషాలు ఎలా వాడాలి

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మంగళ, శుక్రవారాలు అనుకుందాం. సాధనలో బంతి ముందు, బలం తర్వాత. కొత్త నైపుణ్యం తాజా కాళ్లతో నేర్చుకోవాలి. ఒక్కో వ్యాయామం 6 నుంచి 15 సార్లు, ఒకటి నుంచి మూడు విడతలు. పదిహేను శుభ్రంగా చేయగలిగాకే భారం పెంచాలి, అదీ ఒక్కసారికి ఐదు నుంచి పది శాతం. పిల్లలకు ఈ హద్దులు సురక్షితమని నిపుణుల సంఘాలు చాలాకాలంగా చెబుతున్నవే.

కాళ్లకు బస్కీలు, పక్క లంజ్‌లు, బంతితో గోడకుర్చీ. తుంటికి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం. ఇది సులువుగా కనిపిస్తుంది. ఒంటి కాలి మీద చేయమంటే పెద్ద పిల్లలకూ చెమట పడుతుంది. నడుముకు ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని బల్లలా తిన్నగా నిలపడం, పక్కకు తిరిగి ప్లాంక్. ఇరవై సెకన్లతో మొదలుపెట్టి నలభై దాకా. రెండు నిమిషాల ప్లాంక్ పందేల వల్ల పాస్‌కు ఒరిగేదేమీ లేదు.

చేతులకు అక్కర్లేదని కాదు. భుజం రెక్కల్ని ముందుకూ వెనక్కూ కదిపే వ్యాయామం ఒకటి తప్పనిసరి. దండీ భంగిమలో మోచేతులు వంచకుండా రెక్కల్ని మాత్రం దగ్గరికి చేర్చి, మళ్లీ దూరం జరపడం. పాస్ ఇచ్చేటప్పుడు భుజాలు ముందుకు పెట్టి చేతులు తాళం వేసినట్టు ఉంచేది ఈ కండరాలే. మామూలు దండీలు రాని అమ్మాయిలు బెంచీ మీద చేతులు పెట్టి తీయొచ్చు. ఓవర్‌హెడ్ పాస్‌కు గోడ నుంచి రెండడుగుల దూరంలో నిలబడి, వేలికొసలు మాత్రమే ఆనించి, గోడను తోస్తూ వెనక్కి రావడం. నేల మీద వేళ్లతో దండీలు హైస్కూల్ పిల్లలకు వద్దు, వేలి కీళ్లు ఓర్వవు.

సామాను కోసం ఎదురుచూడక్కర్లేదు. పాత బంతిలో గాలి తీసి, చిన్న కోత పెట్టి ఇసుక నింపి కుట్టేస్తే మెడిసిన్ బాల్, అంటే కసరత్తుకు వాడే బరువు బంతి, సిద్ధం. ఒకటి రెండు కిలోలు దాటనీయకూడదు. లీటరు నీళ్ల సీసా అంటే కిలో బరువు. ఇసుక బంతిని రెండు చేతులతో మోకాళ్ల మధ్య నుంచి ముందుకూ పైకీ విసరడం పాస్ కదలికకు చాలా దగ్గర. చేతులు ఊపకుండా, మోకాళ్లతో లేపితేనే లెక్కలోకి తీసుకుంటామని నిబంధన పెట్టాలి. దీన్ని ముంజేతుల మీద పడేలా మాత్రం వేయకూడదు. అలా ఆడి చేతులు కమిలించుకునే పిల్లలుంటారు. బంతి అంటేనే జంకు పుడితే అసలుకే మోసం. కొత్తవాళ్లకు మొదట్లో తేలికైన బంతే ఇవ్వాలి.

అమ్మాయిల జట్ల విషయంలో ఇంకో సంగతి చూడకుండా పోకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పది బస్కీలకే కళ్లు తిరుగుతున్నాయన్న అమ్మాయిని బద్ధకస్తురాలు అనేముందు ఆ అంకె గుర్తుంచుకోవాలి. బళ్లో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర, మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా ఈ ట్రైనింగ్‌లో భాగాలే. ఖాళీ కడుపుతో పొద్దున్నే ఆరింటికి చేయించే కసరత్తు ఎవరి పాస్‌నూ బాగుచేయదు. ఈడు వచ్చాక అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ గాయాలు అబ్బాయిల కంటే ఎక్కువ. గెంతి దిగినప్పుడు మోకాళ్లు లోపలికి పడకుండా చూడటం, తుంటి బలం పెంచడం దాన్ని తగ్గిస్తాయి. పాస్ కోసం చేసే వ్యాయామాలే అందుకూ పనికొస్తాయి కాబట్టి ఇందులో అదనపు ఖర్చు లేదు.

బళ్లలో స్మాష్ కొట్టేవాడికి ఉండే పేరు పాస్ ఇచ్చేవాడికి ఉండదు. పెద్ద స్థాయిలోనూ అంతే. 1986 సియోల్ ఏషియాడ్‌లో భారత్ కాంస్యం గెలిచిందంటే గుర్తొచ్చేది జిమ్మీ జార్జ్ గాల్లో వేలాడి కొట్టిన స్మాష్‌లే. తెలుగువాళ్లకైతే పి.వి. సింధు తండ్రి పి.వి. రమణ కూడా ఆ జట్టులో ఉన్నారన్నది అదనంగా గుర్తొస్తుంది. వాళ్లకు బంతి అందేలా మొదటి పాస్ ఇచ్చిందెవరో ఎవరూ చెప్పరు. 1998లో లిబెరో నిబంధన వచ్చి, వెనక వరసలో పాస్‌లు ఇవ్వడానికే ప్రత్యేకంగా, వేరే రంగు జెర్సీతో ఒక ఆటగాడు వచ్చాక ఈ పనికి కాస్త గుర్తింపు దొరికింది. పొట్టిగా ఉన్నాడని పక్కన కూర్చోబెట్టే పిల్లాడికి అక్కడ చోటుంది. నేలకు దగ్గరగా ఉండటం వాడికి పుట్టుకతో వచ్చిన లాభం కూడా.

ఇక కొలత. గోడ పరీక్ష కావాలంటే పెట్టుకోవచ్చు గానీ, బలం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంకో సులువైన పద్ధతి ఉంది. కోచ్‌లు వాడే 0 నుంచి 3 మార్కుల కొలతే ఆధారం. లిఫ్టర్ ఉన్నచోటికే బంతి వస్తే 3. రెండు మూడు అడుగులు కదలాల్సి వస్తే 2. ఎలాగోలా బతికి అవతలికి దాటించాల్సి వస్తే 1. పాయింట్ పోతే 0. సాధన మొదట్లో, ఒంటిని వేడెక్కించాక, ఒక్కొక్కరికి పది సర్వీసులు, మొత్తం 30 మార్కులు. చివర్లో, బస్కీలూ లంజ్‌లూ అయ్యాక, తొడలు వణుకుతుండగా మళ్లీ పది. రెండు అంకెలూ పక్కపక్కన రాయాలి.

మొదటి వారం ఒక పిల్లాడికి 19, 11 వచ్చాయనుకుందాం. ఎనిమిది వారాల తర్వాత 21, 18 వస్తే, మొదటి అంకెలో పెరిగిన రెండూ బంతి సాధన వల్ల వచ్చినట్టు, ఎనిమిది నుంచి మూడుకి తగ్గిన తేడా చాలావరకు కాళ్ల బలం వల్ల వచ్చినట్టు అనుకోవచ్చు. రెండు అంకెలూ కలిసి పెరిగి తేడా మాత్రం అలాగే ఉంటే, ఆ పిల్లాడు ఆట నేర్చుకుంటున్నాడు గానీ కాళ్లకు పని చాలడం లేదు. తేడా తగ్గి మొదటి అంకె కదలకపోతే బస్కీలు ఎక్కువై బంతి తక్కువైనట్టు.

దసరా సెలవులకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కూడా ఈ అంకెలు రాయాలి. పిల్లల్లో వచ్చిన బలం, సాధన ఆగిపోతే కొన్ని వారాల్లోనే జారిపోవడం మొదలవుతుంది. సెలవుల్లో వారానికి రెండుసార్లు ఇంటి గోడకు గోడకుర్చీ వేసినవాడెవరో, వేశానని అబద్ధం చెప్పినవాడెవరో రెండో అంకె చూస్తే పీఈటీ సార్‌కి తెలిసిపోతుంది.